తాగుడు లేదు, అయినా పాంక్రియాస్‌లో రాళ్లు: ఏ వైద్యం ముందు?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది పెద్దాపురం దగ్గర పల్లె. మా తమ్ముడికి 27 ఏళ్లు. ఇంటర్ చదివే రోజుల నుంచీ ఏడాదికి రెండు మూడుసార్లు పొట్ట పైభాగంలో నొప్పి వచ్చి వీపులోకి పొడిచేది. గ్యాస్ అన్నారు, గ్యాస్ మందులే వాడాం. రెండేళ్లుగా మాత్రం నెలకు నాలుగైదు రోజులు పని మానుకుని, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని పడుకుంటున్నాడు. ఈ మూడు నెలలుగా ట్రమడాల్ అనే నొప్పి మాత్ర వేసుకుంటే తప్ప తగ్గడం లేదు. నిరుడు షుగర్ బయటపడింది. 64 కిలోల మనిషి 51కి దిగాడు. మలం జిడ్డుగా నీళ్లపై తేలుతోందని మొన్ననే సిగ్గుపడుతూ చెప్పాడు. సీటీ స్కాన్ తీస్తే పాంక్రియాస్ (క్లోమ గ్రంథి) తల భాగంలో, ప్రధాన నాళంలో 11 మిల్లీమీటర్ల రాయి ఉందని, నాళం 9 మిల్లీమీటర్లకు ఉబ్బిందని, తోక వైపు సన్న రాళ్లు ఉన్నాయని రాశారు. ఒక డాక్టరు షాక్‌వేవ్‌తో పగలగొట్టి స్టెంట్ వేద్దామన్నారు. ఇంకొకరు ఆపరేషనే మేలన్నారు. మా పెదనాన్న గారు కొండపిండి ఆకు రసం తాగిస్తున్నారు, ఆయన కిడ్నీ రాయి దానితోనే పడిపోయిందట. కాల్షియం రాళ్లు కదా అని పాలు, పెరుగు మాన్పించారు. సిగరెట్లు రోజుకు నాలుగైదు కాలుస్తాడు కానీ మందు చుక్క ముట్టి ఎరగడు. అయినా చూసిన ప్రతి డాక్టరూ ముందు అడిగేది 'తాగుతావా' అనే. ఆ మాట ఊళ్లో పాకి, దాదాపు కుదిరిన సంబంధం వెనక్కి పోయింది. రాళ్లు తీసేస్తే జబ్బు పోతుందా? షుగర్ పోతుందా? పెళ్లి చేయవచ్చా? ఇంకొకటి, వాడికి ఆవకాయ లేనిదే ముద్ద దిగదు. అదీ మానేయాల్సిందేనా?
– ఒక అక్క

జవాబు: అమ్మా, ముందు ఊరి నోటికి సమాధానం చెప్పి, తరువాత రాయి సంగతికి వస్తాను. మీ ఇంట్లో ఆ మాట రాయికన్నా ఎక్కువ నొప్పి పెడుతున్నట్టు మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది.

డాక్టర్లు 'తాగుతావా' అని అడగడం తప్పు కాదు. దీర్ఘకాలిక పాంక్రియాటైటిస్‌కు, అంటే పాంక్రియాస్ వాపు జబ్బుకు, మద్యం పెద్ద కారణం. కానీ మన దేశంలో, ముఖ్యంగా దక్షిణాదిలో, మద్యం వాసన కూడా తెలియని పిల్లలకు, యువకులకు ఈ జబ్బు రావడం కొత్త కాదు. 1959లో జుయిడెమా అనే వైద్యుడు ఇండోనేషియాలో ఇలాంటి రోగుల గురించి రాశారు. ఆ తరువాత కేరళలో గీవర్గీస్ అనే వైద్యుడు వందలమందిని చూసి ఈ జబ్బు రూపురేఖలను లోకానికి తెలియజేశారు. చిన్నతనంలో కడుపునొప్పి, యౌవనంలో షుగర్, స్కాన్‌లో పెద్ద పెద్ద రాళ్లు. మీ తమ్ముడి కథ దానికి అచ్చుగుద్దినట్టు ఉంది. దీనికి 'ట్రాపికల్ పాంక్రియాటైటిస్' అని పేరు పెట్టారు. అప్పట్లో నేరం కర్రపెండలం మీద మోపారు, కేరళలో పేదల తిండి అదే కాబట్టి. మీరు సామర్లకోట సగ్గుబియ్యం మిల్లుల పక్కనే ఉన్నారు కనుక ఈ మాట రేపు ఎవరో ఒకరు మీ చెవిన వేస్తారు. ఆ వాదన రుజువు కాలేదు. సగ్గుబియ్యం పాయసం తిన్నందుకు ఎవరినీ నిందించకండి.

జన్యువుల పాత్రకు మాత్రం గట్టి ఆధారాలున్నాయి. ఆహారాన్ని జీర్ణం చేసే ట్రిప్సిన్ పేగులోకి చేరాకే పని మొదలుపెట్టాలి. తొందరపడి పాంక్రియాస్‌లోనే నిద్రలేస్తే ఆ గ్రంథినే అరగదీయడం మొదలుపెడుతుంది. దాన్ని అదుపులో ఉంచే ప్రొటీన్ ఒకటుంది, దాని జన్యువు పేరు స్పింక్1. ఆ జన్యువులో మార్పులకూ మన దేశపు రోగుల్లోని ఈ జబ్బుకూ సంబంధం ఉందని హైదరాబాదులోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2002లో చూపించారు. కాబట్టి పెళ్లివారు అడిగితే తలదించుకోవలసిన పని లేదు. ఇది తాగుడు తెచ్చిన జబ్బు కాదని చెప్పండి, కావాలంటే ఈ పేజీ చూపించండి. జబ్బునూ షుగర్‌నూ మాత్రం దాచవద్దు. పెళ్లయ్యాక బయటపడితే అప్పుడు తాగుబోతు అన్న మాటకు అబద్ధాలకోరు అన్న మాట కూడా తోడవుతుంది. పిల్లలకు వస్తుందా అంటే, ఆ జన్యు మార్పు ఉన్నవారిలో చాలామందికి జీవితాంతం ఏమీ రాదు. ఆ భయంతో పెళ్లి ఆపవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. కాకపోతే నొప్పికి, షుగర్‌కు ఒక దారి చూసి, ఆరు నెలలు ఆగి చేయండి. నొప్పితో ముడుచుకున్న మనిషిని పీటల మీద కూర్చోబెట్టకండి.

ఇక పెదనాన్న గారి కొండపిండి. ఆయన మీద నాకు కోపం లేదు, మా ఇంట్లోనూ అరటి దవ్వ రసం, ఉలవచారు నడిచిన రోజులున్నాయి. కానీ రాయి అన్న ఒక్క మాటతో మూడు వేర్వేరు జబ్బులను ఒక గాట కట్టేస్తున్నాం. కిడ్నీ రాళ్లు ఎక్కువగా కాల్షియం ఆక్సలేట్. చిన్నవైతే మందు వేసినా వేయకపోయినా మూత్రంతో పాటు జారిపోతాయి, పేరు మాత్రం ఆ రోజు తాగిన రసానికి దక్కుతుంది. పిత్తాశయం రాళ్లలో కొలెస్ట్రాల్ పాలు ఎక్కువ. పాంక్రియాస్ రాయి ఈ రెండింటి వంటిదీ కాదు. నాళంలో ముందు ప్రొటీన్ గడ్డ కడుతుంది, దాని చుట్టూ కాల్షియం కార్బొనేట్ పొరలు పొరలుగా పేరుకుంటుంది. అంటే అక్షరాలా సున్నపురాయి, ఆలిచిప్పలో ఉండేదే. నిమ్మరసం పోస్తే సున్నపురాయి పొంగుతుంది కదా, మరి తాగితే కరగదా అని ఒక లెక్చరరు గారు నన్ను అడిగారు. తెలివైన ప్రశ్నే. కానీ తాగిన నిమ్మరసం ఆ నాళంలోకి వెళ్లదు. ఆ నాళంలో రసం బయటికి పారుతుందే కాని బయటివి లోపలికి పారవు, పైగా ఆ రసం క్షార గుణం కలది. నోటితో తీసుకుని ఈ రాళ్లను కరిగించవచ్చని రుజువైన మందు ఏ వైద్యంలోనూ లేదు. రసం ఆపేయండి. పాలు, పెరుగు ఈ రోజే మొదలుపెట్టండి. తినే కాల్షియానికీ ఈ రాయికీ లంకె లేదు. కొవ్వు అరగక డి విటమిన్ ఒంటికి పట్టని మనిషికి పెరుగు కూడా మాన్పిస్తే ముప్పయ్యో ఏటనే ఎముకలు గుల్లబారతాయి.

ఇప్పుడు అసలు విషయం. రాయి జబ్బు కాదమ్మా, జబ్బు మిగిల్చిన గుర్తు. గ్రంథి ఏళ్ల తరబడి వాచి, మచ్చకట్టి, దాని నాళాల్లో రాళ్లు పేరుకున్నాయి. కాబట్టి ఉన్న రాళ్లన్నీ ఏరిపారేయడం ఎవరి లక్ష్యమూ కాకూడదు. నొప్పి లేని మనిషికి స్కాన్‌లో రాళ్లు కనబడితే సాధారణంగా వాటి జోలికే వెళ్లం. చూడవలసింది ఆ రాయి ప్రధాన నాళానికి అడ్డుపడి, వెనుక రసం నిలిచి, దాని ఒత్తిడితో నొప్పి పుడుతోందా అన్నది. మీరు గోదావరి సీమవారు, బోదె సంగతి మీకు చెప్పనక్కర లేదు. తూము దగ్గర పూడిక పడితే వెనుక నీరు ఎగదన్ని గట్టు కోస్తుంది. మీ తమ్ముడి రాయి తల భాగంలో, అంటే సరిగ్గా తూము దగ్గర ఉంది. మామూలుగా మూడు మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉండే నాళం 9కి ఉబ్బింది. తోక వైపు సన్న రాళ్లు పొలం చివర మట్టిపెళ్లల వంటివి, వాటిని మరిచిపోండి.

ఈ పూడిక తీయడానికి రెండు దారులు. మీకు ఇద్దరు డాక్టర్లు చెరొకటి చెప్పారు. ఇద్దరిలో ఎవరూ మోసం చేయడం లేదు.

మొదటిది షాక్‌వేవ్, వైద్య భాషలో లిథోట్రిప్సీ. కిడ్నీ రాళ్లకు 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో మొదలైన పద్ధతి, 1987లో అదే నగరం వైద్యులు పాంక్రియాస్ రాళ్లకు వాడిన సంగతి ప్రకటించారు. ఎక్స్‌రేలో రాయిని చూస్తూ బయటి నుంచి గురిపెట్టి తరంగాలతో కొడతారు. ఒక్కో విడతకు 5,000 దెబ్బల వరకు ఉంటాయి, అందుకే వెన్నులో మత్తు సూదో, మరో రకం మత్తో ఇస్తారు. పాంక్రియాస్ రాయి కిడ్నీ రాయికన్నా మొండిది, ఒకే విడతలో లొంగితే అదృష్టమే. రెండు మూడు విడతల్లో మూడు మిల్లీమీటర్లకన్నా సన్నని పొడిగా చేస్తారు. తరువాత నోటి ద్వారా గొట్టం పంపే ఈఆర్‌సీపీతో నాళం మూతి కొద్దిగా కోసి, పొడిని లాగేసి, నాళం సన్నబడిన చోటు ఉంటే ప్లాస్టిక్ స్టెంట్, అంటే నాళాన్ని తెరిచి ఉంచే సన్న గొట్టం, పెడతారు. పొట్ట కోయనక్కర లేదు, త్వరగా ఇంటికి రావచ్చు. చర్మం కందడం, ఒకటి రెండు రోజుల నొప్పి మామూలే. కొద్దిమందికి పాంక్రియాటైటిస్ తిరగబెడుతుంది.

ఈ వైద్యంలో ప్రపంచంలోనే పెద్ద అనుభవం ఉన్న ఊళ్లలో హైదరాబాదు ఒకటి. ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వారు 2010లో వెయ్యిమందికి పైగా రోగుల వివరాలు ప్రచురించారు. నూటికి 76 మందిలో నాళం పూర్తిగా, మరో 17 మందిలో కొంతవరకు శుభ్రపడింది. అయిదేళ్లు దాటాక కూడా నొప్పి లేనివారు నూటికి 60 దాకా ఉన్నారని తరువాతి నివేదికలో చెప్పారు. ఈ అంకెలు చూస్తే ఎవరికైనా ఆశ కలుగుతుంది. కానీ ఈ జబ్బులో నొప్పి దానంతటదే కూడా తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది, వైద్యం చేయించుకున్నామన్న నమ్మకంతో కూడా తగ్గుతుంది. అందుకని ఈ మధ్య హైదరాబాదులోనే వందమందికి పైగా రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు నిజం వైద్యం, రెండో జట్టుకు వారికి తెలియకుండా ఉత్తుత్తి వైద్యం చేసి పోల్చారు. 12 వారాలకు నిజం జట్టులో నొప్పి కాస్త తక్కువగా ఉంది. 24 వారాలకు ఆ తేడా కనిపించలేదు. తమ ఆసుపత్రికే పేరు తెచ్చిన వైద్యాన్ని ఇలా గీటురాయి మీద గీసి చూపినవారిని నేను మెచ్చుకుంటాను. షాక్‌వేవ్ పనికిరాదని దీనికి అర్థం కాదు, అందరికీ ఒకేలా పనిచేయదని అర్థం.

రెండోది ఆపరేషన్. ఉబ్బిన నాళాన్ని పొడవునా చీల్చి, రాళ్లు తీసి, చిన్నపేగు మడత ఒకటి తెచ్చి ఆ చీలికకు కుట్టేస్తారు. తూము బాగుచేయడానికి బదులు గట్టు పొడవునా తెరిచి పక్క కాలువలోకి మళ్లించడం అన్నమాట. తల భాగం రాళ్లతో, మచ్చతో బిగుసుకుపోయి ఉంటే అక్కడి కండ కూడా తొలిచి తీస్తారు, దాన్ని ఫ్రే ఆపరేషన్ అంటారు. పెద్ద ఆపరేషనే, వారం పది రోజులు ఆసుపత్రిలో ఉండాలి, చేయి తిరిగిన సర్జన్ కావాలి. కానీ నొప్పి విషయంలో దీని బలం గట్టిది. 2007లో ఆమ్‌స్టర్‌డామ్‌లో 39 మందితో చేసిన పోలికలో రెండేళ్లకు ఆపరేషన్ జట్టులో నూటికి 75 మందికి నొప్పి తగ్గితే ఎండోస్కోపీ (పైన చెప్పిన గొట్టం వైద్యం) జట్టులో 32 మందికే తగ్గింది. అయిదేళ్లు గడిచేసరికి ఎండోస్కోపీ జట్టులో దాదాపు సగంమంది చివరకు ఆపరేషన్ చేయించుకున్నారు. 2020లో వెలువడిన మరో డచ్ అధ్యయనంలో 88 మందిని 18 నెలలు గమనిస్తే, ముందుగానే ఆపరేషన్ చేయించుకున్నవారి నొప్పి తక్కువగా ఉంది.

'ముందుగానే' అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఏళ్ల తరబడి నొప్పి సంకేతాలు అందుకున్న నరాలు, వెన్నుపాము, మెదడు వాటికి అలవాటుపడతాయి. ఆ తరువాత రాయి తీసినా, నాళం తెరిచినా నొప్పి మాత్రం సొంత బతుకు బతుకుతుంది. ట్రమడాల్ వంటి మాత్రలు ఆ అలవాటును ఇంకా పెంచుతాయి. మీ తమ్ముడు మూడు నెలలుగా వేసుకుంటున్నానంటున్నాడు, ఇది మూడేళ్లు కానివ్వకండి. అలాగని రేపే టక్కున ఆపించవద్దు, డాక్టరు చెప్పిన తీరులో మెల్లగా తగ్గించాలి.

నేనైతే ఏం చేస్తాను? స్కాన్ నా చేతిలో లేదు కాబట్టి ఇది తీర్పు కాదు, మొగ్గు మాత్రమే. తూము దగ్గర ఒకటే రాయి, వెనుక ఉబ్బిన నాళం ఉన్న మనిషికి షాక్‌వేవ్‌తో మొదలుపెట్టడంలో తప్పు లేదు. కానీ ముందే గడువు పెట్టుకుని మొదలుపెట్టాలి. యూరప్ ఎండోస్కోపీ వైద్యుల సంఘం కూడా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఫలితం చూసుకుని, సరిగా లేకపోతే సర్జన్‌తో కలిసి మళ్లీ ఆలోచించమంటుంది. రెండు మూడు విడతలకు రాయి పగలకపోయినా, పగిలి నాళం శుభ్రపడ్డాక నొప్పి అలాగే ఉన్నా, ఆపరేషన్‌కు వెళ్లిపోండి. తల భాగం కండ కూడా గట్టిపడి ఉబ్బిందని ఎంఆర్‌సీపీ అనే ఎంఆర్‌ఐ స్కాన్‌లో తేలితే నేను షాక్‌వేవ్ దగ్గర ఆగకుండా నేరుగా సర్జన్ దగ్గరికే పంపుతాను. అందుకే ఎండోస్కోపీ డాక్టరు, సర్జన్ ఇద్దరూ ఒకే చోట ఉండి, ఒకే స్కాన్‌ను కలిసి చూసే ఆసుపత్రికి వెళ్లండి. విడివిడిగా అడిగితే ఎవరి చేతిలో పనిముట్టు వారికి ముద్దు. బరువు ఇంత తగ్గడానికి షుగర్, అరగని కొవ్వు చాలు కానీ, దీర్ఘకాలం ఈ జబ్బు ఉన్నవారికి క్యాన్సర్ ముప్పు కొంత ఎక్కువ. ఆ కోణంలో కూడా స్కాన్ చూశారా అని నోరు తెరిచి అడగండి.

స్టెంట్ పెడితే ఒక జాగ్రత్త. కొన్నేళ్ల కిందట ఒక తాపీ మేస్త్రి నా దగ్గరికి చలిజ్వరంతో వచ్చాడు. ఎక్కడో స్టెంట్ పెట్టారు, నొప్పి తగ్గింది, అతను మరిచిపోయాడు. తిరిగి రమ్మన్న తేదీ చీటీలో ఇంగ్లీషులో ఉందట. రెండేళ్లకు ఆ స్టెంట్ పూడిపోయి, దాని చుట్టూ కొత్త రాళ్లు కట్టి, చీము పట్టింది. ప్లాస్టిక్ స్టెంట్ లోపల ఉంచి మరిచిపోయే వస్తువు కాదు. ఎప్పుడు మార్చాలో, ఎప్పుడు తీయాలో డాక్టరు చేత తెలుగులో రాయించుకుని ఇంటి క్యాలెండరు మీద మీ చేత్తో గుర్తుపెట్టండి. ఈ వైద్యాల తరువాత చలితో జ్వరం, ఆగని వాంతులు, కళ్లు పచ్చబడటం, నల్లటి మలం కనబడితే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

రాళ్లు తీసేస్తే షుగర్ పోతుందా అన్నారు. పోదమ్మా. ఇన్సులిన్ చేసే కణాలు మచ్చలో కలిసిపోయాయి, అవి తిరిగి రావు. పైగా షుగర్ పడిపోతే పైకి లేపే గ్లూకగాన్ కూడా ఈ గ్రంథిలోనే తయారవుతుంది. అందువల్ల ఇలాంటివారిలో షుగర్ పెరగడమే కాదు, ఉన్నట్టుండి దారుణంగా పడిపోతుంది కూడా. చాలామందికి ఇన్సులిన్ అవసరమవుతుంది. జేబులో నాలుగు గ్లూకోజు బిళ్లలో, చక్కెర పొట్లమో ఎప్పుడూ ఉండాలి. ఇన్సులిన్ వేసుకుని అన్నం మానేయడం ఈ జబ్బులో ప్రాణం మీదికి తెస్తుంది.

మీ ఉత్తరంలో అందరూ వదిలేసిన మాట ఆ జిడ్డు మలం. రాయి గురించి ఇద్దరు డాక్టర్లు వాదించుకున్నారే కాని, తిన్నది ఒంటికి పట్టడం లేదన్న సంగతి మీ తమ్ముడు సిగ్గుతో ఎవరికీ చెప్పి ఉండడు. దీనికి తిన్నది అరిగించే ఎంజైమ్ క్యాప్సూళ్లు ఉన్నాయి. పూట భోజనానికి లైపేజ్ (కొవ్వును అరిగించే ఎంజైమ్) 40,000 నుంచి 50,000 యూనిట్లు, చిరుతిండికి అందులో సగం అన్నది పెద్దవారికి మామూలు మోతాదు. చాలామందికి ఒక్కో 10,000 యూనిట్ల మాత్ర రాసి పంపేస్తున్నారు, అది సముద్రంలో కాకిరెట్ట. పరగడుపున మింగినా, భోంచేసిన గంటకు మింగినా వృథా. మొదటి ముద్దతో ఒకటి, మధ్యలో ఒకటి, ఇలా అన్నంతో పాటే పేగులోకి చేరాలి. ఇవి పంది పాంక్రియాస్ నుంచి తీసినవి, మీ ఇంట్లో అభ్యంతరం ఉంటే ముందే తెలిసి నిర్ణయించుకోండి. ఇవి రాళ్లను కరిగించవు, నొప్పిని పెద్దగా తగ్గించవు. కానీ పోయిన 13 కిలోల్లో చాలావరకు వెనక్కి తెచ్చేవి ఇవే, వీటితో పాటు ఎ, డి, ఇ, కె విటమిన్లు చూపించుకోండి. యాంటీ ఆక్సిడెంట్ బిళ్లల గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు. 2009లో ఢిల్లీ ఎయిమ్స్ అధ్యయనంలో నొప్పి తగ్గింది, 2012లో బ్రిటన్ అధ్యయనంలో తగ్గలేదు. చవకగా దొరికితే ఆరు నెలలు వాడి చూడటంలో నష్టం లేదు, అప్పు చేసి మాత్రం కొనవద్దు.

సిగరెట్ సంగతి మీరు ఒక్క ముక్కలో దాటేశారు, నేను దాటను. మందు ముట్టలేదని మనం ఇంత గట్టిగా వాదిస్తున్నాం కదా, పొగ కూడా ఈ గ్రంథికి సొంతంగా చేటు చేస్తుంది, రాళ్లు పేరుకోవడాన్ని వేగిరపరుస్తుంది. నాలుగే కదా అనవద్దు. షాక్‌వేవ్ తేదీకన్నా ముందు ఆఖరి సిగరెట్ తేదీ ఖాయం చేయించండి. ఇక మద్యం, ఇప్పటిదాకా ముట్టలేదు, ఇకముందు పెళ్లి విందులో స్నేహితుల బలవంతానికి కూడా ముట్టకూడదు.

ఖర్చు గురించి మీరు అడగలేదు, అడగలేక ఊరుకున్నారేమో. మీ రాష్ట్రంలో ఎన్టీఆర్ వైద్యసేవ పథకం ఉంది. వెళ్లిన ఆసుపత్రిలో వైద్యమిత్ర కౌంటరు దగ్గర షాక్‌వేవ్‌కు, ఆపరేషన్‌కు విడివిడిగా ఏది వర్తిస్తుందో, స్టెంట్ మార్పిళ్లు ఎవరి ఖర్చో అడిగి తెలుసుకోండి. షాక్‌వేవ్ ఒక్కసారి ఖర్చు కాదు, విడతలు, స్టెంట్లు, ప్రయాణాలు కలిపి లెక్కవేయండి. అలా వేసినప్పుడు ఆపరేషనే చవక కావడం నేను చూశాను.

ఇక ఆవకాయ. ఈ జబ్బు అనగానే నూనె, నెయ్యి, పప్పు అన్నీ మాన్పించి జావ పోసి చిక్కి శల్యం చేయడం పాత పద్ధతి. ఇప్పుడు మాంసకృత్తులు బాగా ఉన్న తిండి, పూటలు ఎక్కువ, ఒక్కో పూట తక్కువ, నూనె ఒంటికి పడినంత, పక్కన క్యాప్సూల్. పప్పు, గుడ్డు, చేప, పెరుగు దండిగా పెట్టండి. ఆవకాయ ఊటలోంచి ముక్కను పైకి తీసి, నూనె వంపేసి, ముద్దపప్పులో కలిపి పెట్టండి. మొదటి ముద్ద నోట్లో పెట్టే ముందు క్యాప్సూల్ వేసుకున్నాడో లేదో చూడండి. నొప్పి తిరగబెట్టిన రోజుల్లో మాత్రం జాడీ మూత తీయవద్దు.